ఆసుపత్రిలో నమ్మకం ఎలా పుడుతుంది, ఎలా తెగుతుంది?



కోసిగి చుట్టుపక్కల ఏ సంఘానికి వెళ్లినా, ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు అడిగితే ఎక్కువ భాగం జబ్బుల గురించే వస్తాయి. ఒకరికి షుగరు, ఒకరికి నడుము నొప్పి. ఒకరి కోడలికి నెలలు నిండాయి, ఒకరి బిడ్డకు జ్వరం విడవడం లేదు. "ఆసుపత్రికి పోయినారా?" అని అడిగితే తరచుగా వినబడే జవాబు ఇది: "పోయినాం పాస్టరయ్యా. ఆడ మన మాట ఎవరు ఇంటారు?"

ఆ జవాబులో ఒక బాధ ఉంది, ఒక ప్రమాదం కూడా ఉంది. మన మాట వినరు అనుకున్నవాడు డాక్టరుకు నిజం చెప్పడు. నిజం చెప్పనివాడికి సరైన వైద్యం అందదు. అందుకే ఈ వారం ఆసుపత్రిలో రోగి నమ్మకం గురించి, తృప్తి గురించి ఆలోచిద్దాం.

ఒక సహోదరి సంగతి

నాకు తెలిసిన ఒక సహోదరి సంగతి చెబుతాను. పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. వానలు మోసం చేసిన ఏడు మన వైపు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయని అందరికీ తెలిసిందే. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరప చేలకు, బెంగళూరు, హైదరాబాదు పనులకు వెళ్తారు. ఈమె కూడా అలాగే మిరపకాయలు తెంపడానికి వెళ్లి దగ్గుతో తిరిగి వచ్చింది. మిరప ఘాటుకు వచ్చిన దగ్గే అనుకున్నారు. నెల దాటినా తగ్గలేదు. సాయంత్రం అయ్యేసరికి జ్వరం, బరువు తగ్గడం. కళ్లె పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. మాత్రలు ఉచితంగా ఇచ్చారు.

మాత్రలు మొదలుపెట్టిన మొదటి రోజుల్లోనే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వచ్చింది. రక్తం పోతోందని ఆమె హడలిపోయింది. అడగడానికి ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు జనం ఎక్కువ. ఆమె నోరు తెరిచేలోపే, "చెప్పినట్టు మింగు, ఊరికే ప్రశ్నలు వేయకు" అని కసిరారు. ఆమె ఇంటికొచ్చి మాత్రలను పెట్టె అడుగున పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. సంఘంలో అడిగితే "మింగుతాండా" అనేది.

క్షయకు ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఒకటి. అది మూత్రానికి, చెమటకు, కన్నీళ్లకు కూడా ఎర్ర నారింజ రంగు తెస్తుంది. అది రక్తం కాదు, దానివల్ల హాని లేదు. ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే చాలు. (కళ్లు పచ్చబడినా, వాంతులు అవుతున్నా, అన్నం సహించకపోయినా మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చూపించాలి.) ఆ మాట చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. చెప్పనందువల్ల ఆరు వారాలు మందు ఆగిపోయింది. మధ్యలో మందు మానేస్తే క్షయ క్రిములు మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదం ఉంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టమవుతుంది. ఇంట్లో పసిపిల్లలకు అంటుకునే భయం ఎలాగూ ఉంది.

చివరికి దగ్గు తిరగబెట్టాక ఆశా కార్యకర్త, మా పాస్టరమ్మ కలిసి ఆమెను మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి ఉన్న నర్సు పక్కన కూర్చోబెట్టుకొని తానే అడిగింది: "అమ్మా, మూత్రం ఎర్రగా వచ్చిందా? భయపడినావా?" ఆమె ఏడ్చేసింది. దాచినదంతా చెప్పింది. మళ్లీ పరీక్షలు చేశారు, మందు మొదలైంది, ఈసారి పూర్తి చేసింది.

మందు మారలేదు. ఆమె దేవుని మీద పెట్టుకున్న విశ్వాసమూ మారలేదు. మారింది ఒక మనిషి మాట్లాడిన తీరు మాత్రమే.

తృప్తి వేరు, నమ్మకం వేరు

ఈ రెంటినీ మనం ఒకటిగా మాట్లాడుకుంటాం గానీ, అవి ఒకటి కావు. తృప్తి అయిపోయిన దాని గురించి. వెళ్లాం, చూశారు, బాగుంది లేదా బాగాలేదు. నమ్మకం జరగబోయే దాని గురించి. ఈ మనిషి నా మేలు కోరి చేస్తాడు అని ముందే మనసు ఒప్పుకోవడం. ఆపరేషను బల్ల మీద పడుకున్నవాడికి ఇంకా తృప్తి లేదు, ఉన్నదల్లా నమ్మకమే.

మన పల్లెల్లో తృప్తికి ఒక కొలత ఉంది. సూది వేస్తే మంచి డాక్టరు. గ్లూకోజు బాటిలు ఎక్కిస్తే ఇంకా మంచి డాక్టరు. మాత్రలు రాసి, నీళ్లు బాగా తాగు, వారం చూడు అని చెప్పినవాడు ఏమీ తెలియనివాడు. అందుకే వైరల్ జ్వరానికి కూడా పల్లె వైద్యుని దగ్గర రెండు సూదులు వేయించుకొని తృప్తిగా ఇంటికొస్తాం. కానీ నోటితో మింగగలిగే మనిషికి మామూలు జ్వరంలో గ్లూకోజు బాటిలు అదనంగా ఇచ్చే బలం ఏమంత ఉండదు. అనవసరమైన యాంటీబయాటిక్ మేలు చేయదు సరిగదా, నిజంగా అవసరమైన రోజున అది పనిచేయకుండా పోవచ్చు. కాబట్టి తృప్తి కలిగిన ప్రతిచోటా మంచి వైద్యం జరిగినట్టు కాదు.

రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను సంగతి గుర్తు చేసుకోండి. ఆయన పెద్ద సేనాధిపతి. ప్రవక్త బయటికి వచ్చి, ఎదురుగా నిలబడి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడని ఊహించుకొని వచ్చాడు. ఎలీషా బయటికే రాలేదు. మనిషిని పంపి యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడు. నయమానుకు కోపం వచ్చింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆయనకు సేవ మీద తృప్తి కలగలేదు. అయినా చెప్పిన వైద్యం సరైనదే. ఆయన తిరిగి వెళ్లిపోయేవాడే, కానీ పక్కనున్న సేవకులు నెమ్మదిగా నచ్చజెప్పారు. ఆ సేవకుల పేర్లు మనకు తెలియవు. వాళ్ల మాట లేకపోతే ఆ స్వస్థత లేదు. రోగి పక్కన నిలబడే సంఘం పని అదే, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

అమెరికాలో పనిచేసిన వైద్య పండితుడు అవెడిస్ డొనబెడియన్ 1966లో వైద్యం నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలని రాశారు: ఆసుపత్రిలో ఉన్న వసతులు, అక్కడ పని జరిగే తీరు, చివరికి రోగికి కలిగిన ఫలితం. ఈనాటికీ ఆసుపత్రులను కొలిచేవారు ఈ మూడింటినే ఆధారం చేసుకుంటారు. భవనం కొత్తదైనా మాట కరుకైతే రెండో చోట దెబ్బ తిన్నట్టే. మాట తీపిగా ఉండి వైద్యం తప్పైతే మూడో చోట దెబ్బ. మూడూ చూసుకోవాలి.

ఈ నేల మీద నమ్మకాన్ని ఎలా సంపాదించారు

మన తాతల కాలంలో కూడా ఆసుపత్రి అంటే భయమే. ఆ భయాన్ని పోగొట్టడానికి కొందరు తమ జీవితాలే ఇచ్చారు.

మన వాళ్లు పెద్ద జబ్బు అంటే వేలూరు పేరు ఎత్తుతారు. ఆ వేలూరు ఆసుపత్రి మొదలైందే నమ్మకం లేని మూడు ఇళ్ల నుంచి. ఐడా స్కడర్ అనే యువతి తమిళ దేశంలో మిషనరీ డాక్టరైన తండ్రి దగ్గర ఉన్న రోజుల్లో, ఒకే రాత్రి ముగ్గురు మగవారు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను పిలిచారు. తాను డాక్టరును కానని, తండ్రిని తీసుకెళ్లమని ఆమె చెప్పింది. పరాయి మగవాడు చూడడానికి వీల్లేదని ముగ్గురూ వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. డాక్టరు ఆ ఇంట్లోనే ఉన్నాడు. లేనిది ఆ స్త్రీల ఇంటివారు ఒప్పుకోగలిగిన డాక్టరు. ఐడా వైద్యం చదివి 1900లో తిరిగి వచ్చి పని మొదలుపెట్టారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచారు.

గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారి కథ మన లూథరన్ సహోదరులకు తెలిసిందే. ఆమె 1883లో వచ్చారు, ఆసుపత్రి భవనం 1898లో తెరిచారు. పదిహేనేళ్లపాటు ఇళ్లకు వెళ్లి, చిన్న దవాఖానాలో కూర్చొని స్త్రీలకూ పిల్లలకూ వైద్యం చేశాకే పెద్ద ఆసుపత్రి లేచిందన్నమాట. భవనం కంటే ముందు మనుషుల మనసుల్లో చోటు దొరికింది.

మన రాయలసీమకు వస్తే, కడప జిల్లా జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీవారి డాక్టర్ క్యాంబెల్ పేరు మీద నిలిచిన ఆసుపత్రి ఉంది. కరువు, కలరా మాటిమాటికీ వచ్చిన ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెలకు అదే పెద్ద దిక్కు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం సంగతి ఇంకా ముఖ్యం. అనేక మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం కట్టిన ఆ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని ఎన్నో ఏళ్లు నడిపించారు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టిన మాట లోకానికి తెలిసింది 1944లో. అంతవరకు డాక్టర్లు ఇవ్వగలిగింది విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చే కొన్ని చికిత్సలు, మంచం పక్కన తోడు. ఊళ్లో వెలివేసినట్టు చూసిన రోగి అక్కడ నెలల తరబడి ఉన్నాడంటే, అక్కడి మనుషుల మీద ఎంత నమ్మకం కుదిరి ఉండాలి!

తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం మొదలైంది. రోగిని శానిటోరియంలో ఉంచి మందులిచ్చినా, ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చినా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో వారు చూపించారు. పేదవారికి అది గొప్ప శుభవార్త. అయితే ఒక మార్పు కూడా జరిగింది. శానిటోరియంలో ఉన్నప్పుడు నర్సు ఎదురుగా ఉండేది. ఇప్పుడు రోగి ఇంట్లో, లేదా మిరప చేలో, ఒంటరిగా ఆరు నెలలు మాత్రలు మింగాలి. కాబట్టి మొదటి రోజు చెప్పే మాట, ఆ మాట మీద కుదిరే నమ్మకం వైద్యంలో సగమైపోయింది. మన సహోదరి దగ్గర తెగింది సరిగ్గా ఆ చోటే.

ఇవాళ నమ్మకం ఎక్కడ తెగుతోంది

మొదటిది సమయం. 67 దేశాల లెక్కలు పరిశీలించి 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక రోగికి ఇచ్చే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల పైన. మన ఓపీ వరుసలో నిలబడినవారికి మనం ఏ చివర దగ్గరున్నామో వేరే చెప్పనక్కరలేదు. ఒక డాక్టరు ముందు వందమంది కూర్చుంటే ఆయన కోపిష్టి కాకపోయినా తొందర మనిషి అవుతాడు. ఇది మనం కూడా అర్థం చేసుకోవాలి.

రెండోది వినడం. బెక్మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 1984లో అమెరికాలో చేసిన పరిశీలనలో, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నట్టు తేలింది. అడ్డుపడకుండా వదిలేసినచోట ఏ రోగికీ రెండున్నర నిమిషాలకు మించి పట్టలేదు. వినడానికి అవసరమైన సమయం మనం భయపడేంత ఎక్కువ కాదు.

మూడోది భాష. 1953 దాకా మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఈనాటికీ కోసిగి, కౌతాళం వైపు మాటలో కన్నడం కలిసి ఉంటుంది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుకు మన ముసలమ్మ చెప్పే బాధ సగమే అందుతుంది. ఆయన చెప్పే పుస్తకం తెలుగు ఆమెకు అసలే అందదు. ఇద్దరూ తలలూపుతారు. "రోజుకు మూడు పూటలు" అన్నారా, "మూడు రోజులు" అన్నారా అనేది ఇంటికొచ్చాక అనుమానం.

నాలుగోది మర్యాద. వయసులో పెద్దవాళ్లను ఏకవచనంతో పిలవడం, వేసుకున్న బట్టలు చూసి మాట తీరు మార్చడం, కాన్పు నొప్పుల్లో ఉన్న బిడ్డను నలుగురిలో ఎగతాళి చేయడం. జబ్బు నయమైనా ఈ గాయం నయం కాదు. ఇంకొక కాన్పుకు ఆ గడప తొక్కరు.

ఐదోది డబ్బు. ఉచితం అన్న చోట చక్రాల కుర్చీ తోసినందుకు, బిడ్డను చూపించినందుకు చేతులు తడపాల్సి వస్తే, "ఇక్కడ అన్నీ ఇంతే" అనే తీర్మానం ఒక్క నిమిషంలో అయిపోతుంది. ప్రైవేటులో భయం ఇంకొక రకం: ఈ స్కానింగు నా జబ్బు కోసమా, కమిషన్ కోసమా?

ఆరోది దూరం. కోసిగి నుంచి ఆదోనికి, ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి, కొందరు నది దాటి రాయచూరుకు. ఒకచోట రాసిన కాగితం ఇంకొకచోట చూపించరు. ప్రతి చోటా కథ మొదటి నుంచి చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది.

రోగికి అడిగే హక్కు ఉంది

అడగడం తప్పు అనుకోకండి. చట్టం కూడా మనకు ఆ చోటు ఇచ్చింది. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రథమ వైద్యం చేయాల్సిందేనని, పోలీసు కేసు పేరుతో ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఆపరేషనుకు ముందు అది ఏమిటి, ఎందుకు, ప్రమాదమేమిటి, వేరే మార్గముందా అని రోగికి వివరించి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో వివరంగా తీర్పు ఇచ్చింది. వేలిముద్ర వేయించుకోవడం వేరు, అర్థమయ్యేలా చెప్పి ఒప్పించడం వేరు. ఆసుపత్రిలో చేరిన రోగి తన వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. దాన్ని అమలుచేయమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది.

మన రాష్ట్రంలో 2007లో మొదలై పేరు మారుతూ వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం కింద పనిచేసే ఆసుపత్రుల్లో రోగికి దారి చూపడానికే ఆరోగ్యమిత్రలను పెట్టారు. వాళ్ల బల్ల ఎక్కడుందో మొదట అడగండి. క్షయ రోగులకు నిక్షయ్ నంబరు ఉంటుంది. సుగ్గికి పోయేముందు ఆ నంబరుతో చెప్పుకుంటే, వెళ్లిన ఊళ్లోనే మాత్రలు తీసుకునేలా వైద్యాన్ని బదిలీ చేయించుకోవచ్చు. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషకాహార సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేశారు. ఇవి తెలియక ఎంతమంది నష్టపోతున్నారో!

హక్కుతో పాటు బాధ్యత కూడా ఉంది. అడగడం హక్కు, కొట్టడం కాదు. మనిషి పోయిన దుఃఖంలో అద్దాలు పగలగొట్టి, రాత్రి డ్యూటీలో ఉన్న ఆడబిడ్డ లాంటి డాక్టరు మీద చెయ్యెత్తడం పాపం, నేరం కూడా. దానికోసం మన రాష్ట్రంలో 2008లోనే చట్టం చేశారు. భయపడిన డాక్టరు తర్వాతి కష్టమైన రోగిని చేర్చుకోకుండా పెద్దాసుపత్రికి రాసి పంపేస్తాడు. ఆ దారిలో పోయే ప్రాణం మన ఇంటిదే కావచ్చు.

ప్రార్థన, మాత్ర: రెండూ శత్రువులా?

మనలో కొందరు, మందు మింగితే విశ్వాసం తగ్గినట్టే అని బోధిస్తున్నారు. ఆసా రాజు జబ్బులో దేవుని అడగకుండా వైద్యులనే ఆశ్రయించిన సంగతి (2 దినవృత్తాంతములు 16) ఎత్తి చూపుతారు. అక్కడ ఆసా తప్పు వైద్యుని దగ్గరికి వెళ్లడం కాదు, దేవుని విడిచిపెట్టడం. అదే బైబిల్లో హిజ్కియా ప్రార్థన విన్న దేవుడు, ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని ప్రవక్త ద్వారా చెప్పించాడు (యెషయా 38). పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు, ఆయనను పౌలు ప్రేమతో పేర్కొన్నాడు (కొలస్సయులకు 4). ఇన్సులిన్ సూది ఆపి సాక్ష్యం చెప్పమనేవాడు రోగి ప్రాణంతో ఆడుకుంటున్నాడు. దయచేసి ఏ కాపరీ ఆ మాట అనవద్దు.

వైద్యుల చేతిలో విసిగిపోయినవారి సంగతి కూడా బైబిల్ దాచలేదు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల దగ్గర కష్టపడి, ఉన్నదంతా ఖర్చుచేసి, ఇంకా క్షీణించింది. మన పల్లెల్లో పొలం అమ్ముకొని తిరిగొచ్చిన ఎందరి కథో అది. ఆ రోజు ప్రభువు యాయీరు కూతురి కోసం తొందరగా వెళ్తున్నాడు. అయినా ఆగాడు. ఆమె భయంతో వణుకుతూ సంగతంతా చెప్పేదాకా విన్నాడు. కుమారీ అని పిలిచాడు. అత్యవసర కేసు చేతిలో ఉన్నప్పుడు కూడా ఇంకొకరి మాట వినడానికి చోటుందని మన ప్రభువు చూపించాడు.

ఇంకొకటి, మార్కు 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడు. ప్రభువు అతని కన్నులు ముట్టి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. అతడు దాచలేదు. మనుషులు చెట్లలాగా నడుస్తున్నట్టు కనిపిస్తున్నారని ఉన్నదున్నట్టు చెప్పాడు. బాగుచేసిన గురువు ముందు, పూర్తిగా బాగుకాలేదని చెప్పడానికి అతడు సందేహించలేదు. ప్రభువు నొచ్చుకోలేదు. మళ్లీ చేతులుంచాడు, అప్పుడు తేటగా కనబడింది. రోగి నిజం చెప్పడం, వైద్యుడు అడిగి మరీ వినడం, అవసరమైతే మళ్లీ చేయడం: నమ్మకం అంటే ఇదే. "బాగుందా?" అని అడిగితే "బాగుంది సార్" అని అబద్ధం చెప్పి బయటికొచ్చి తిట్టుకునే మనకు ఆ గుడ్డివాడు పాఠం చెబుతున్నాడు.

సంఘం చేయగలిగిన పనులు

మొదటిది, తోడు వెళ్లండి. చదువురాని రోగితో చదువుకున్న ఒక యౌవనస్థుడు వెళ్తే సగం భయం పోతుంది. నయమాను సేవకులలాగా నెమ్మదిగా నచ్చజెప్పేవాడు కావాలి, డాక్టరుతో గొడవపడేవాడు కాదు.

రెండోది, ఒక సంచి పెట్టించండి. ప్రతి ఇంట్లో పాత చీటీలు, పరీక్షల కాగితాలు, ఇప్పుడు మింగుతున్న మాత్రల అట్టలు ఒకే సంచిలో ఉండాలి. పసరు మందు తాగినా, సూది వేయించుకున్నా దాచకుండా చెప్పాలి.

మూడోది, నాలుగు ప్రశ్నలు నేర్పండి. నాకున్న జబ్బేమిటి? ఈ మందు ఎన్ని రోజులు, ఎప్పుడెప్పుడు? దీనివల్ల ఒంట్లో ఏ మార్పు రావచ్చు? ఏమి కనిపిస్తే వెంటనే రావాలి? జవాబు విన్నాక, "నాకు అర్థమైంది ఇది సార్, సరేనా?" అని తిరిగి చెప్పాలి. తప్పు అర్థమైతే అక్కడే దిద్దుతారు.

నాలుగోది, ఫిర్యాదు ఉంటే సరైన చోట చెప్పండి. లంచం అడిగినా, అవమానించినా తేదీ, సమయం రాసుకొని మెడికల్ ఆఫీసరుకు, సూపరింటెండెంటుకు కాగితం మీద ఇవ్వండి. బాగా చూసిన నర్సు గురించి కూడా అలాగే రాసి ఇవ్వండి. మంచిని చెప్పేవారు లేక మంచివాళ్లు అలిసిపోతున్నారు.

ఐదోది, ఆసుపత్రుల్లో పనిచేసే మన బిడ్డలతో మాట్లాడండి. మన తెలుగు సంఘాల నుంచి ఎన్నో తరాలుగా ఎందరో ఆడబిడ్డలు నర్సులుగా వెళ్లారు. వారానికి ఎన్ని రాత్రి డ్యూటీలు చేస్తున్నారో, ఒక్కరు ఎన్ని మంచాలు చూస్తున్నారో సంఘానికి తెలుసా? వాళ్ల కోసం పేరు పేరునా ప్రార్థించండి. అదే సమయంలో చెప్పండి: అమ్మా, నీ వార్డులో పడుకున్నది మన అవ్వే. ఆమెకు నువ్వు చెప్పే పది సెకన్ల మాట కూడా ప్రభువు సేవే.

మొదట చెప్పిన సహోదరి ఇప్పుడు మా స్త్రీల సమాజంలో ఒక పని పెట్టుకుంది. ఊళ్లో ఎవరికి క్షయ మాత్రలు మొదలైనా ఆ ఇంటికి వెళ్తుంది. ముందుగా చెప్పే మాట ఒకటే: "ఎర్రగా వస్తాది, భయపడాకు. నాకూ వచ్చింది. మానాకు." ఆ ఇంటివాళ్లు ఆమె మాట నమ్ముతారు, ఆమె పడి లేచిన మనిషి కాబట్టి.

రోగుల దగ్గరికి వెళ్లినవారిని, తన దగ్గరికే వచ్చినట్టు లెక్కిస్తానని ప్రభువు మత్తయి 25వ అధ్యాయంలో చెప్పాడు. ఈ వారం మీ సంఘంలో ఎవరు ఆసుపత్రికి వెళ్లాలో కనుక్కోండి. "పోయి రండి, ప్రార్థిస్తాం" అని ఊరుకోకుండా, "ఏ రోజు పోదాం?" అని అడగండి.

ప్రభువు మన రోగులను లేవనెత్తును గాక, వారిని చూసే చేతులను బలపరచును గాక. ఆమేన్.